టేపు బుస

ఆ వీధిలో అందరూ ఆయన్ని చెవులాయన అనేవాళ్ళు. పక్కింటి ఫ్యాను బేరింగు అరిగిందని ఆ ఇంటివాళ్ళకంటే ముందు ఈయనకే తెలిసేది మరి. రికార్డయిన పాటలకు ఆఖరి మెరుగు దిద్దడం ఆయన పని. పాడేవాళ్ళు మధ్యలో తీసుకునే ఊపిరి చప్పుళ్ళు కత్తిరిస్తాడు, కుర్చీ కిర్రుమంటే తీసేస్తాడు, మోటారు రొద తుడిచేస్తాడు. అన్నిటికంటే టేపు బుస అంటే ఆయనకు ఒళ్ళు మంట. వెనకాల సన్నగా స్స్స్ అని వినబడిందా, ఇక పంటి కింద రాయి పడినట్టే.

అలాంటి మనిషి దగ్గరికి ఓ సోమవారం మధ్యాహ్నం మేనకోడలు ఒక క్యాసెట్ పట్టుకొచ్చింది.

ఇంట్లో అందరికీ ఆ పిల్ల పిచ్చుక. అక్క ఉద్యోగానికి పోతే ఈ స్టూడియోలోనే పాకింది, ఇక్కడే మాటలు నేర్చింది. నేర్చాక ఇక ఆపితే ఒట్టు. ఆయనకు పిల్లల్లేరు. ఉన్నా దీని తరవాతే అనేవాడు. ఆ వాగుడుకాయ ఇప్పుడు గుసగుస తప్ప మాట్లాడటం లేదు. పొద్దున్నే అక్క ఫోన్‌లో ఒకటే ఏడుపు.

"ఒరేయ్ తమ్ముడూ, దాని గొంతు పోయి పన్నెండు రోజులైందిరా. డాక్టరేమో గొంతులో ఏమీ లేదంటాడు. ఏమీ లేకపోతే మాటెందుకు రాదు? నాకు చెప్పి చావదు. క్యాసెట్టిచ్చి నీ దగ్గరికి తోలుతున్నా, ఆ ముదనష్టపు పాటల్లో ఏం చేసుకుందో నువ్వన్నా కనుక్కోరా, నీకు దణ్ణం పెడతాను."

పిచ్చుక లోపలికి వచ్చి నిలబడింది. మామూలుగా అయితే వస్తూనే సొరుగులన్నీ లాగేసేది. ఇవాళ కూర్చోమనేదాకా కూర్చోలేదు.

"ఏమే, ఇదేనా నీ తొలి ఆల్బమ్?"

తలూపింది. "ఏడు పాటలు. రా బ్లాక్ మెటల్."

"రా అంటే పచ్చిదేగా. ఉడికించే తీరిక లేకపోయిందా?"

పాత పిచ్చుక అయితే గంటసేపు దెబ్బలాడేది. ఇది నవ్వను కూడా నవ్వలేదు.

ఆ సంగీతం గురించి నెలల తరబడి ఆయన చెవిలో ఊదింది ఆ పిల్లే. ముప్పై ఏళ్ళ కిందట చలి దేశాల కుర్రకారు నేలమాళిగల్లో దూరి, నాసిరకం మైకులతో చేసిన సంగీతమట. త్రాష్ మెటల్ దగ్గర వేగం తీసుకున్నారు, పంక్ దగ్గర మొరటుతనం తీసుకున్నారు, నున్నగా ఉన్నదాన్నల్లా గీకి పారేశారట. ఒకే టేకు. తప్పు పడితే తప్పే. బుస పాటలో భాగమే. "శుభ్రంగా ఉంటే అబద్ధం, మావయ్యా" అనేది. "నీ మొహం" అనేవాడు ఈయన. తన ఆల్బమ్‌ను మూతబడిన ప్రింటింగ్ ప్రెస్ నేలమాళిగలో తీశారు. గిటారూ గొంతూ పిచ్చుకవి, డ్రమ్ములు స్నేహితురాలివి. పన్నెండు రోజుల కిందట, ఆరు పాటలయ్యాక ఆ అమ్మాయి ఇంటికి పోయింది. ఏడోదానికి పిచ్చుక ఒక్కతే ఉండి, లోపలినుంచి గడియ పెట్టుకుని రికార్డు చేసింది.

ఆయన క్యాసెట్ పెట్టాడు.

అబ్బబ్బ, ఏం రొద! డ్రమ్ములు రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టున్నాయి. గిటారు ఒకటే తీగను లెక్కకందనంత వేగంగా గీరుతోంది. దాని వెనక ఎక్కడో అరుపు. కానీ వినగా వినగా ఆయనకు ముద్దొచ్చింది. మూడో పాటలో నాలుక తడబడింది. ఐదో పాటలో ఊపిరందక ఎగపీల్చింది. ఆ ఎగపీల్పు ఎవరిదో ఆయనకు చెప్పాలా? చిన్నప్పుడు ఏడుపు ఆపాక అచ్చం అలాగే పీల్చేది.

ఏడోది మొదలైంది. డ్రమ్ముల్లేవు. కీబోర్డు మీద ఒకే శ్రుతి, కదలకుండా. తడిసిన గోడల వాసన ఆ శబ్దంలోంచే వస్తున్నట్టు అనిపించి, ఆయన ముక్కు రుద్దుకున్నాడు. బుస మిగతా పాటల్లో కంటే రెండింతలుంది. అందులోంచి అరుపు లేచింది.

వెనకనుంచి పిచ్చుక గుసగుసలాడింది. "ఏడో పాటలో బుస ముట్టుకోకు."

"మిగతా వాటిలో?"

"నీ ఇష్టం."

చెవులాయన వెనక్కి తిరిగాడు. ఒక్క చుక్క బుస తీసినా చంపేస్తానన్న పిల్ల... నీ ఇష్టం అంటోందా?

"నీరసంగా ఉన్నావు, ముందు గదిలో కాసేపు నడుం వాల్చు" అన్నాడు. ఆ పిల్ల వెళ్ళింది. మందపాటి తలుపు మూసుకుంది. ఆ తలుపు వేస్తే బయట పిడుగు పడినా లోపలికి వినబడదు.

గొంతు పోయింది ఈ అరుపులోనే, అనుకున్నాడు ఆయన. ఎక్కడ చీరుకుపోయిందో వింటే డాక్టరుకు చెప్పొచ్చు. వినాలంటే బుస తీయాలి. విని, మళ్ళీ ఎప్పట్లా పెట్టేస్తే దానికి తెలియనే తెలియదు. పాటను కంప్యూటర్లోకి ఎక్కించాడు. పాట మొదలవ్వకముందు ఉన్న ఉత్త బుసను రెండు సెకన్లు ఎంచి, ఇలాంటిది ఎక్కడున్నా తీసెయ్యమని మీట నొక్కాడు.

బుస పోయింది. అరుపు ఒక్కటే నిలబడింది.

మొదట పనివాడి చెవులతోనే విన్నాడు. ఊపిరి ఎక్కడ తీసుకుందా అని వెతికాడు. మొదటి నిమిషంలో లేదు. రెండో నిమిషంలో లేదు. మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాడు. నాలుగు నిమిషాల పాట... ఒకటే అరుపు. మధ్యలో ఎక్కడా ఊపిరి లేదు.

మనిషన్నాక ఊపిరి తీసుకోవాలి కదా.

బుసతో పాటు కొట్టుకుపోయి ఉంటుందిలే, అని తనకు తాను చెప్పుకున్నాడు. తీసేసినది మాత్రమే వినిపించే మీట ఒకటుంటుంది. అది నొక్కి, హెడ్‌ఫోన్లు గట్టిగా అదుముకున్నాడు.

స్స్స్స్...

అందులో ఊపిరి ఉంది. చిన్నగా. వేగంగా. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు.

"...మావయ్యా."

అది గుసగుస కాదు. పిచ్చుక గొంతు. పన్నెండు రోజులుగా అక్క మొక్కుకుంటున్న గొంతు.

"మావయ్యా... నువ్వు బుస తీస్తావని తెలుసు. నువ్వొక్కడివే తీస్తావు. అందుకే ఇందులో దాక్కున్నా." ఊపిరి. "ఇక్కడ అరుస్తున్నది నేను కాదు. గడియ తీసుకుని పైకి వెళ్ళింది నేను కాదు. అమ్మ దగ్గరికి వెళ్తుంది మావయ్యా... నాకు భయంగా ఉంది. క్యాసెట్ దానికి ఇవ్వకు..."

తరవాత ఉత్త బుస.

చెవులాయనకు ఏడుపు తన్నుకొచ్చింది. భయం కంటే ముందు ఏడుపే వచ్చింది. నా తల్లీ, పన్నెండు రోజులు! అక్క దానికి అన్నం కలిపి పెట్టింది, తల దువ్వింది, పక్కలో పడుకోబెట్టుకుంది...

తలుపుకున్న గాజు పలకలో పిచ్చుక మొహం ఉంది. ఎప్పుడు వచ్చిందో.

ఆయన ఒక్క ఉదుటున లేచి గడియ పెట్టాడు. క్యాసెట్ బయటికి తీసి గుప్పిట్లో బిగించాడు.

"ముట్టుకున్నావా, మావయ్యా?"

గుసగుస. పిడుగు వినబడని తలుపు అవతలినుంచి... ఆయన చెవి పక్కనే.

"లేదమ్మా."

"ఇటివ్వు మరి."

"ఇంకా పనుంది. రేపివ్వనా?"

పిచ్చుక గాజుకు మొహం ఆనించింది. ముక్కు, నోరు, అన్నీ ఆనించింది. గాజు మీద ఆవిరి పట్టలేదు.

"అమ్మ ఎదురుచూస్తోంది, మావయ్యా. నేనొక్కదాన్నే వెళ్ళనా? క్యాసెట్‌తో వెళ్ళనా?"

ఇస్తే పిల్ల పోతుంది. ఇవ్వకపోతే అది అక్క దగ్గరికి పోతుంది. ఫోను కోసం బల్ల మీద తడిమాడు. తడుముతూ ఉండగా చూపు టేప్ డెక్ మీద పడింది.

డెక్ ఆగిపోయి ఉంది. మూత తెరిచే ఉంది. లోపల ఏమీ లేదు. అయినా దాని శబ్దాన్ని కొలిచే ముల్లు కదులుతోంది. కొద్దిగా లేస్తోంది... పడుతోంది. లేస్తోంది... పడుతోంది. నిద్రపోతున్న పిల్ల గుండెల్లాగా.

ఆయన పెట్టిన గడియ దానంతటదే నెమ్మదిగా కదిలింది.

ముల్లు ఒక్కసారిగా పైకి లేచింది. ఊపిరి బిగబట్టినట్టు, ఇంక దిగలేదు.