రెండో పసుపు గీత

షాపులోకి వచ్చినతను హెల్మెట్ తీయకముందే జేబులోంచి కాగితం తీశాడు. నాలుగు మడతల కాగితం, విప్పితే మోకాలి దాకా వేలాడింది.

"ఇవన్నీ ఈరోజే బిగించేయాలండీ" అన్నాడు హెల్మెట్ లోపలి నుంచే.

షాపు చూసుకునే ఆమె బల్ల దగ్గర ఎవరి బండిదో క్రాష్ గార్డు కమ్మీ సొట్ట తీస్తోంది. చేతులు గుడ్డకి తుడుచుకుని కాగితం అందుకుంది. అందులో పదిహేడు వస్తువులున్నాయి. వరుస నంబర్లు వేశాడు, కొన్నిటి కింద గీతలు కొట్టాడు, ఒకదాని పక్కన నక్షత్రం గుర్తు కూడా పెట్టాడు. ఆమె చదువుతున్నంతసేపూ మాస్టారి ముందు నిలబడ్డ పిల్లాడిలా నిలబడ్డాడు. బయట అతని బండి మెరుస్తోంది. కొండలూ రాళ్ళూ ఎక్కడానికి చేసిన ఎత్తైన అడ్వెంచర్ బైకు, సీటు మీద కవరు కూడా ఇంకా తీయలేదు.

"ఈ హారన్ ఎందుకు?"

"కొండ మలుపుల్లో ఎదురొచ్చేవాళ్ళకి వినపడాలని."

"ఇది పక్క కొండ మీద వాళ్ళక్కూడా వినపడుతుంది" అని పెన్సిల్ తీసి కొట్టేసింది. "ఈ రెండో ట్యాంకు? మధ్యలో బంకులుంటాయా, ఉండవా?"

"ఉంటాయి."

అదీ కొట్టేసింది. కప్పు పట్టుకునే స్టాండు, నీలం లైట్లు, నక్షత్రం పెట్టుకున్న దిక్సూచి వరసగా పోయాయి. దిక్సూచి దగ్గర మాత్రం అతను చెయ్యి చాచబోయి ఆగిపోయాడు. చివరికి ఆరు మిగిలాయి.

"నేను కొనడానికి వచ్చానండీ" అన్నాడు దీనంగా.

"తెలుస్తూనే ఉంది. ఇక్కడో పద్ధతుంది. వారానికి ఒకటే బిగిస్తాను. వారమంతా నడిపి, శనివారం వచ్చి, ఏం తేడా వచ్చిందో చెప్పాలి. అప్పుడే ఇంకోటి. అన్నీ ఒకేసారి తగిలిస్తే ఏది మోగుతోందో, ఏది పక్కకి లాగుతోందో ఎవడికీ తెలీదు."

"నేను ఆరు వారాల్లో ఉద్యోగం మీద వెళ్ళిపోతున్నాను."

"ఆరేగా మిగిలాయి."

గుమ్మం దగ్గర పడక కుర్చీలో పేపరు వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె తండ్రి. ఆ పద్ధతి పెట్టింది ఆయనే. ఈ షాపులో ముప్ఫై ఏళ్ళు పానా పట్టిన చేతులు రెండేళ్ళ కిందట వణకడం మొదలుపెట్టాయి. అప్పటినుంచీ ఆయన కుర్చీకి, కూతురు బండ్లకి అతుక్కుపోయారు. వచ్చేపోయేవాళ్ళు ఆయన్ని పిలిచినట్టే ఆమెనీ మేస్త్రీ అని పిలవసాగారు. కుర్రాడు కూడా ఆ పిలుపే అందుకున్నాడు. ఆమె మాత్రం అతనికి లిస్టు అని పేరు పెట్టింది, మొదట మనసులో, రెండో వారానికి పైకే.

మొదటి శనివారం క్రాష్ గార్డు ఎక్కింది. ప్రతి బోల్టూ బిగించాక ఆమె ఒక చిన్న సీసా తీసి, సన్న కుంచెతో బోల్టు తల మీద నుంచి పక్క లోహం మీదకి ఒక పసుపు గీత గీసింది.

"దిష్టి తగలకుండానా?"

"బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరుగుతుంది. దూరం వెళ్ళేవాడు పొద్దున్నే ఓసారి వంగి గీతలు చూసుకుంటే చాలు."

అదీ తండ్రి నేర్పిందే. చేతులు వణికిన రోజున ఆయన గీసిన గీత వంకర పోయింది. తుడిచి మళ్ళీ గీశాడు, మళ్ళీ వంకర పోయింది. సీసా కూతురి చేతిలో పెట్టేసి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు. ఆమె కూడా తన గీత ఏ మాత్రం పక్కకి పోయినా తుడిచి మళ్ళీ గీస్తుంది. అమ్మాయి బిగించిందట అని అనుమానపడి, ఇంకో గ్యారేజీలో విప్పించి మళ్ళీ బిగించుకున్నవాళ్ళు నలుగురైదుగురున్నారు. వాళ్ళు చెప్పకపోయినా విరిగిన గీతలు చెప్పాయి.

రెండో శనివారం వాన పడింది. అతను తడిసి వచ్చి, చూరు కింద నిలబడి ఆకాశం కేసి చూసి, "ఆరు మిల్లీమీటర్లు" అన్నాడు.

"ఏమిటి?"

"ఇప్పటిదాకా పడింది. వాన కొలవడమే నా ఉద్యోగం. నేను వెళ్ళే కొండల్లో కొలిచే డబ్బాలు నలభై ఉన్నాయి. కారు పోదు, నడిస్తే నెల పడుతుంది. అందుకే ఈ బండి."

ఆమె బయట బల్ల మీద ఉన్న ఖాళీ డబ్బా తెచ్చి స్కేలు పెట్టి కొలిచింది. ఆరు మీద ఒక గీత ఎక్కువుంది. డబ్బా పక్కన పెట్టేసి, కొలిచి మాట్లాడే మనిషి అని అప్పుడే మనసులో రాసుకుంది.

ఆరోజు పని హ్యాండిల్ ఎత్తు పెంచడం. అతన్ని బండి మీద కూర్చోబెట్టి, "కళ్ళు మూసుకుని చేతులు హాయిగా ముందుకి చాపండి. హ్యాండిల్ ఎక్కడుందో ఆలోచించకండి. మీ చేతులు ఎక్కడికొస్తే హ్యాండిలే అక్కడికొస్తుంది" అంది.

అతను కళ్ళు మూసుకున్నాడు. చేతులు గాల్లో నిలిచాయి. ఆమె ఎత్తు కొలిచింది. కనురెప్పల మీద వాన చుక్క ఒకటి ఇంకా ఆరకుండా ఉంది.

"ఇంక తెరవచ్చా?"

"ఆగండి."

ఆగమనడానికి కారణమేమీ లేదు. కొలత ఎప్పుడో అయిపోయింది. తండ్రి పేపరు తిప్పిన చప్పుడుకి ఆమె తేరుకుని టేపు వెనక్కి వదిలింది.

వారం వారం అతను రిపోర్టు రాసి తెచ్చేవాడు. "అరవై వేగంలో కుడి చెయ్యి తిమ్మిరి తగ్గింది. నడుము నొప్పి లేదు. శుక్రవారం సాయంత్రం కారణం లేకుండా రెండుసార్లు నవ్వు వచ్చింది." ఆమె మొహం కదపకుండా చదివేది. "నవ్వు హ్యాండిల్ వల్ల రాదు. ఇంకెక్కడో వదులైంది" అనేది. ఆ కాగితాలు మాత్రం పారేయకుండా సొరుగులో పెట్టింది.

మూడో శనివారం ఇంజిన్ కిందకి రాళ్ళు తగలకుండా దళసరి అల్యూమినియం పలక ఎక్కింది. నాలుగు బోల్టులు, నాలుగు గీతలు. నాలుగో శనివారం బండికి ముందు లైట్లు ఎక్కాయి. ఇంక రెండే ఉన్నాయి. గాలి కొట్టకుండా ముందు పెద్ద అద్దం, సామాన్లకి వెనక రెండు పెట్టెలు. ఆ లెక్క ఆమెకి ఏ పని చేస్తున్నా గుర్తొస్తోంది. ఆరో శనివారం అయ్యాక సోమవారం అతను వెళ్ళిపోతాడు. అతనేమీ అనలేదు. ఆమెకేం అనాలో తెలియలేదు. షాపు గుమ్మం దాటి వెళ్ళిన బండ్లు ఎన్నో కొండలెక్కాయి. వాటి వెనకాల మనసు పోవడం మాత్రం ఇదే మొదలు.

ఐదో వారం బుధవారం మధ్యాహ్నం అతను ఊడిపడ్డాడు.

"కింద ఏదో చప్పుడండీ" అన్నాడు. ఎటో చూస్తున్నాడు.

ఆమె బండి స్టార్ట్ చేసింది. చప్పుడు లేదు. పడుకుని కిందికి చూసింది. మూడు గీతలు తిన్నగా ఉన్నాయి. నాలుగోది బియ్యపు గింజంత పక్కకి తప్పింది. బోల్టు గట్టిగానే ఉంది. అంటే దాన్ని ఎవరో విప్పి మళ్ళీ బిగించారు.

లేచి దుమ్ము దులుపుకుంది. "ఎవరికి చూపించారు?"

"ఎవరికీ లేదండీ."

"దానంతటదే విప్పుకుని, దానంతటదే బిగించుకుందా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకొకళ్ళకి చూపించడం తప్పు కాదు. నా పని మీద నమ్మకం లేకపోతే చూపించుకోవాల్సిందే. చూపించలేదని చెప్పారు చూడండి, అది బాలేదు. మిగతా రెండూ కూడా అక్కడే బిగించుకోండి. శనివారం రాకండి."

"మేస్త్రి గారూ..."

"నాకు పనుంది."

శనివారం అతను రాలేదు. రావద్దన్నది తనే గానీ, సందు చివర ఏ బండి మలుపు తిరిగినా ఆమె తలెత్తింది. అద్దం పెట్టెలోంచి తీసింది, తుడిచింది, మళ్ళీ పెట్టెలో పెట్టింది. నలుగురైదుగురు చేసిందే అతనూ చేశాడు. వాళ్ళ మీద కోపం ఒక పూట ఉండేది. ఇతని విషయంలో అది కోపంలా కూడా లేదు, ఒంట్లో బాగాలేనట్టు ఉంది. బియ్యపు గింజంత గీతకి ఇంత బాధేమిటని తనని తనే తిట్టుకుంది.

"అబ్బాయి రాలేదేం చిట్టీ?" అన్నాడు తండ్రి.

"నేనే వద్దన్నాను నాన్నా."

"ఊఁ" అన్నాడాయన. పేపరు తలకిందులుగా పట్టుకున్నాడని ఇద్దరూ గమనించలేదు.

ఆరో శనివారం పొద్దున్నుంచీ ముసురు. పదింటికి అతను వచ్చాడు. ఈసారి ముందు హెల్మెట్ తీశాడు. ఆమె దగ్గరికి కాక తిన్నగా కుర్చీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఎల్లుండి వెళ్తున్నానండీ. వెళ్ళేముందు మీ ఇద్దరికీ ఒక నిజం చెప్పాలి. ఆ బోల్టు నేనే విప్పాను."

ఆమె చేతిలో పానా ఆగింది.

"శనివారం ఇంకా మూడు రోజులుంది. మధ్యలో రావడానికి ఏదో ఒకటి చెడిపోవాలి. మీరు బిగించినవి చెడిపోవు కదా. అందుకని ఒకటి కొంచెం వదులు చేశాను. వీధి చివరికొచ్చేసరికి భయమేసి మళ్ళీ గట్టిగా తిప్పేశాను. ఇక్కడికొచ్చేసరికి చప్పుడూ లేదు, నోట్లో మాటా లేదు."

జేబులోంచి చిన్న పానా తీసి బల్ల మీద పెట్టాడు. బండితో పాటు సీటు కింద ఇచ్చే పానా. దాని మూతి మీద పసుపు మరక ఉంది. ఏ మెకానిక్కూ అంత చిన్న పానాతో ఆ బోల్టు విప్పడు. అది చూడగానే ఆమెకి పది రోజుల బరువు దిగింది. అతను తన పనిని అనుమానించలేదు. అది తెలిశాక ఇంకో కోపం వచ్చింది.

"నోరు విప్పాల్సిన చోట బోల్టు విప్పావన్నమాట" అన్నాడు తండ్రి.

ఆమె నవ్వలేదు. "ఆ పలక ఊడి వెనక చక్రం కింద పడితే ఏమవుతుందో తెలుసా మీకు? వాన కొలిచే డబ్బాలకి ఇంకో మనిషిని వెతుక్కోవాల్సి వచ్చేది వాళ్ళు. నేనేమైపోవాలి?"

చివరి మాట కావాలని అన్నది కాదు. వచ్చేసింది.

"ఇంకెప్పుడూ విప్పను" అన్నాడతను మెల్లగా. "ఏదున్నా నోటితోనే చెప్తాను."

"అయితే చెప్పండి."

"వారం నడిపి తేడా చెప్పమన్నారు కదా. ఈసారి కాగితం మీద రాయలేదు. శనివారాలు బాగుంటున్నాయి. మిగతా ఆరు రోజులూ బాగుండట్లేదు. పోయిన శనివారం అస్సలు బాలేదు. బండిలో లోపమేమీ లేదు. నాకు మీరంటే ఇష్టం."

ఆమె అద్దం పెట్టె తెరిచింది. "రెండు పనులున్నాయి, ఒక్క రోజే ఉంది. ఆ చివర పట్టుకోండి" అంది.

అతను పట్టుకున్నాడు. అద్దం ఎక్కింది, పెట్టెలు ఎక్కాయి. నాలుగో బోల్టు మీద పాత గీత చెరిపి కొత్తది గీసింది. "పద్ధతి తప్పాను, ఒకేరోజు రెండు బిగించాను" అని గొణిగితే, "ఈసారికి ఒప్పుకుంటాలే" అన్నాడు తండ్రి. మధ్యాహ్నానికి మిగిలింది వెనక స్ప్రింగు బిగువు. బండి మీద మనిషి కూర్చుంటే వెనక భాగం ఎంత దిగుతుందో టేపుతో కొలిచి, పక్కనున్న గుండ్రటి నాబ్ తిప్పి సరిచెయ్యాలి. అతన్ని ఎక్కించి కొలిచింది, నాబ్ తిప్పింది, గీత గీసింది.

"ఇది మీ ఒక్కరికి."

అతను బండి దిగలేదు. "ఇద్దరికైతే ఎంత తిప్పాలి?"

"రెండో మనిషి బరువు తెలీకుండా ఎలా చెప్పను?"

"రెండో మనిషి టేపు పట్టుకుని కింద నిలబడితే ఎప్పటికి తెలుస్తుందండీ?"

ఆమె తండ్రి కేసి చూసింది. ఆయన కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచాడు. వచ్చి, టేపు కోసం చెయ్యి చాచాడు. చెయ్యి వణుకుతూనే ఉంది.

ఆమె టేపు ఇచ్చి బండెక్కింది. ఇన్నేళ్ళలో ఎన్ని వెనక సీట్లు బిగించిందో లెక్కలేదు. ఒక్కదాని మీదా కూర్చోలేదు. చేతులెక్కడ పెట్టాలో తెలియక క్షణం తటపటాయించింది.

"కళ్ళు మూసుకోండి" అన్నాడు ముందు కూర్చున్నతను, వెనక్కి తిరక్కుండా. "చేతులు హాయిగా ముందుకి చాపండి."

అవి అతని భుజాల మీదకొచ్చి ఆగాయి.

తండ్రి వంగి కొలిచాడు. తన చేతి మీద నమ్మకం లేక ఇంకోసారి కొలిచాడు. రెండుసార్లూ ఒకే అంకె వచ్చింది. నాబ్ తిప్పుతూ ఒక్కొక్క క్లిక్కూ పైకి లెక్కపెట్టాడు. ఏడు.

"బాబూ, ఎల్లుండి నువ్వు మొదటి గీత మీదే వెళ్ళాలి" అన్నాడు. "అక్కడ కుదురుకున్నాక మీ పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని రా, మాట్లాడుకుందాం. అప్పుడు రెండో గీతకి తిప్పుదాం. ఏమంటావు చిట్టీ?"

"షాపు ఎవరు చూస్తారు నాన్నా?" అందామె, కళ్ళింకా తెరవకుండానే.

"అక్కడ కొండల్లో బండ్లకి బోల్టులుండవా? నాకిక్కడ కుర్చీ ఉంది, నోరుంది. పనివాణ్ణి పెట్టుకుని చేయిస్తాను. నువ్వు ఊఁ అంటావా, అనవా?"

"ఊఁ."

"ఆ సీసా ఇటివ్వు."

ఆమె కళ్ళు తెరిచింది. జేబులోంచి సీసా తీసి ఇచ్చింది. ఆయన ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, రెండేళ్ళ తర్వాత మొదటిసారి కుంచె ఆనించాడు. ఆమె గీసిన తిన్నని గీత పక్కనే రెండో గీత పడింది. వంకరగా, మధ్యలో కొంచెం వణికి, చివర లావై.

"పోయింది" అన్నాడాయన. "తుడిచి నువ్వు గియ్యి."

ఆమె దిగి వంగి చూసింది. గుడ్డ భుజం మీదే ఉంది. దాన్ని తీయకుండా, తడి ఆరేదాకా గుమ్మంలోంచి కొడుతున్న వాన జల్లు గీత మీద పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది.