‘ఇంతే’ అని రాసిన గీత

మూడో అంతస్తులో వీధి వైపు గదికి చెడ్డపేరు వచ్చి మూడు నెలలైంది. రాత్రిపూట అక్కడ ఎవరో నీళ్లు తోడుతున్నారట... పక్కింటివాళ్లు కూడా విన్నారట. పనిమనిషి అయితే చీకటి పడ్డాక ఆ గడప తొక్కనని తెగేసి చెప్పింది.

గదిలో ఉన్నది చేపల తొట్టి. దాని కింద చెక్క అరలో ఇంకో గాజుపెట్టె, దాన్ని సంపు అంటారు. పై నీళ్లు పైపులోంచి సంపులోకి దిగుతాయి, పంపు వాటిని మళ్లీ పైకి తోస్తుంది. దాన్ని అమర్చిన ఇంటాయన మూడు నెలల కిందటే పోయాడు. సంపు మీద ఆయన నల్లగా గీసిన గీత, పక్కన ‘ఇంతే’ అన్న ఒక్క మాట మిగిలాయి.

భార్య రోజూ సాయంత్రం ఆ గీత దాకా నీళ్లు నింపేది. పొద్దున చూస్తే నాలుగు వేళ్లు తక్కువ. పక్కన — నిండు బకెట్టు!

చివరికి తొట్లు బాగుచేసే అతన్ని పిలిపించింది. అందరూ అతన్ని లీకేజీ అంటారు. ఎక్కడ కారినా అతనే దిక్కు మరి.

"ఈ రాత్రికి తేల్చెయ్ తమ్ముడూ. లేదంటే రేపే తొట్టి ఎవరికైనా ఇచ్చేస్తా. ఆయనకి ఆ చేపలంటే ప్రాణం... కానీ పాపా నేనూ పడుకునేది ఈ గదిలోనే." గొంతు తగ్గించింది. "పొద్దున లేచేసరికి నా ఎడమ చెయ్యి మోచేతి దాకా చల్లగా ఉంటోంది."

"చెయ్యి ఒత్తుకుని పడుకుని ఉంటారక్కా. అయినా దెయ్యానికి దాహమేస్తే వంటింట్లో ఫిల్టరు లేదా?" అని నవ్వేశాడు లీకేజీ.

పాపను ఎత్తుకుని ఆమె లోపలి గదికి వెళ్లింది. అతను తలుపు గడియ పెట్టాడు. ఆమె నింపినట్టే గీత దాకా నింపాడు. ఖాళీ బకెట్టు, మగ్గు పక్కన పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు.

ఒంటిగంట... రెండు...

టప్పున కరెంటు పోయింది.

పంపు ఆగింది. గుడ... గుడ... గుడ... టార్చి వేశాడు. పై నీళ్లు పైపులోంచి వెనక్కి దిగుతున్నాయి. మట్టం గీత దాటింది... అంచుకి ఇంకో వేలెడు. టార్చి కిందికి తిప్పాడు. సంపుని ఆనుకుని ప్లగ్గు బోర్డు ఉంది. ఆ పక్కనే నేల మీద పాప పరుపు.

అప్పుడర్థమైంది అతనికి. పంపు ఆగినప్పుడు నీళ్లు ‘ఇంతే’ ఉండాలని ఆయన గీసుకున్న గీత అది! ఈవిడేమో పంపు నడుస్తుండగా అక్కడిదాకా నింపుతోంది. నీళ్లు పొర్లి, బోర్డు మునిగి, అప్పుడు కరెంటు వస్తే...

లేవబోయాడు. ఒళ్లు కదల్లేదు. అరవబోయాడు. నోరు పెగల్లేదు. టార్చి జారిపడి ఆరిపోయింది.

చీకట్లో మగ్గు మునిగిన చప్పుడు... బకెట్లో నీళ్లు పడిన చప్పుడు. మళ్లీ మునిగింది. మళ్లీ పడ్డాయి. తొందరేం లేదు, రోజూ చేసే పనిలాగే.

కరెంటు వచ్చింది. అతను కుర్చీలోనే ఉన్నాడు. గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. బోర్డు చుట్టూ నేల పొడిగా ఉంది. బకెట్టు నిండుగా ఉంది.

ఆమె తలుపు తట్టింది. గడియ తీశాడు.

"గీతకి నాలుగు వేళ్లు తక్కువే నింపండక్కా. లేకపోతే కరెంటు పోయినప్పుడు పొర్లుతుంది. పొద్దున్నే బోర్డు పైకి బిగిస్తా. పాపకి ఇంకేం భయం లేదు."

"మరి ఇన్నాళ్లూ నీళ్లు తోడింది ఎవరు?"

"అదీ... పైపులో గాలి అక్కా..." అని నసిగాడు.

ఆమె వినడం లేదు. అతని చొక్కా చెయ్యి మోచేతి దాకా తడిసి, చుక్కలు నేల మీద పడుతున్నాయి. ఎడమ చెయ్యి.

"నువ్వు కుడిచేత్తో కదా పనిచేస్తావు?"

"అవునక్కా..."

ఆమె తన ఎడమ చేతిని మెల్లగా గుండెకి హత్తుకుంది.

"తొట్టి ఎవరికీ ఇవ్వనులే తమ్ముడూ," అంది. "ఆయనది ఎడమచేతి వాటం."