ఏడో నంబరు బొమ్మ

పాలు పొంగుకొచ్చే వేళకి నీరజ ఫోను ఎప్పుడూ చెయ్యని చప్పుడొకటి చేసింది. గంట మోగినట్టు, చిన్నగా, ఒక్కసారే. ఆమె పొయ్యి కట్టేయకుండానే వెనక్కి తిరిగింది.

"అమ్మా! ఆర్డరు!" పక్క గదిలో జడ వేసుకుంటున్న లహరి సగం జడతోనే పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, నిజంగా ఆర్డరే! డబ్బులు కూడా పడ్డాయి!"

పాలు పొంగి గట్టు మీదికి పారాయి. తల్లీ కూతురూ వాటి వైపు చూడలేదు.

మైసూరు నుంచి ఒక డాక్టరమ్మ కొన్నది. ఏడో నంబరు బొమ్మ, పన్నెండు వేలు. చిరునామా కింద ఒక ప్రశ్న కూడా రాసింది: 'ఆమె చేతులు ముంచింది పాలలోనా? ఎందుకు?' నీరజ ఆ ప్రశ్నని మూడుసార్లు చదువుకుంది. ఎవరో తెలియని మనిషి, ఎప్పుడూ చూడని ఊళ్ళో కూర్చుని, తను వేసిన గిన్నెలోకి తొంగి చూసింది.

బొమ్మలు అమ్మకానికి పెట్టిన ఆ వెబ్‌సైటు కట్టడానికి నీరజకి మూడు నెలలు పట్టింది. మధ్యాహ్నాలు లహరి పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, వీడియోలు ఆపుతూ, మళ్ళీ పెడుతూ నేర్చుకుంది. ఎండ ముదిరితే ఎరుపు పాలిపోతుందని, ఎనిమిదిలోపే బొమ్మలు డాబా మీదికి మోసి ఫోటోలు తీసింది. పొడవు, వెడల్పు, ఏ రంగులు, ఏ గుడ్డ, అన్నీ రాసింది. ధర దగ్గర రెండు వేలని కొడితే లహరి చెరిపేసింది. ప్రతి బొమ్మ కిందా 'ఒకటే ఉంది' అని రాయించింది కూడా లహరే.

"అందరికీ తెలిసిందేగా, మళ్ళీ రాయడమెందుకు?" అంది నీరజ అప్పుడు.

"అందరికీ తెలీదమ్మా," అంది లహరి.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో వేసినవి యాభైకి పైనే ఉంటాయి. సైటులో పెట్టడానికి ఇంట్లో మిగిలినవి పదకొండు. మిగతావన్నీ ఊళ్ళో గోడల మీద ఉన్నాయి. ఆమె భర్త మస్తాన్‌రావుది నరసరావుపేటలో ఇనుము, సిమెంటు కొట్టు. ఇల్లు కట్టే ప్రతివాడూ అతని దగ్గర సరుకు కొంటాడు, కట్టాక గృహప్రవేశానికి పిలుస్తాడు. పిలిస్తే ఉత్త చేతుల్తో వెళ్ళకూడదు. గోడ గడియారాలు అందరూ తెస్తారు. 'మా ఆవిడ సొంతంగా వేసిందండీ' అని బొమ్మ ఇస్తే ఆ మర్యాదే వేరు. మొదటిసారి అలా ఇచ్చినప్పుడు నీరజకి గర్వంగానే ఉండింది. ఆ తరువాత అలవాటయింది. మెరుపు కాగితం చుట్టింది కూడా చాలాసార్లు ఆమే.

సైటు మొదటిసారి చూపించినప్పుడు మస్తాన్‌రావు ఫోనుని దూరంగా పట్టుకుని చూశాడు. "బానే ఉంది. ఎవడు కొంటాడే వీటిని?" అని తిరిగి ఇచ్చేశాడు.

"బస్సుకి టైమవుతోందమ్మా," అంది లహరి. కారంపూడిలో మస్తాన్‌రావు అక్క కృష్ణకుమారి కొత్త ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశం తెల్లవారుజామునే అయిపోయింది, భోజనాలకి వీళ్ళిద్దరూ వెళ్ళాలి. పుట్టింటి బట్టలు తీసుకుని అతను నిన్న మధ్యాహ్నమే కారులో వెళ్ళిపోయాడు.

"ఒక్క నిమిషం. అది ఎంత పెట్టెలో పడుతుందో కొలత తీసుకుని వస్తా."

లోపలి గదిలో పదకొండు బొమ్మలూ గోడకి ఆనించి, పాత దుప్పటి కప్పి ఉంటాయి. దుప్పటి తీసింది. పది ఉన్నాయి.

ఆమె రెండోసారి లెక్కపెట్టలేదు. తెలిసిపోయింది. ఫోను చేసింది.

"ఏవండీ, లోపలి గదిలో బొమ్మ తీశారా?"

"ఏ బొమ్మ?" వెనక సన్నాయి మేళం వినిపిస్తోంది.

"ఏడో నంబరు."

"నంబరేందే? ఎర్రటిదేనా? నేనే తెచ్చా. అక్క కొత్తింటికి ఉత్త బట్టలేనా? పొద్దున్నే గోడకి కూడా కొట్టించారు. అందరూ బాగుందన్నారు."

"అది అమ్ముడుపోయింది."

"ఎవరికి?"

"మైసూరు ఆవిడకి. డబ్బులు కట్టేసింది."

అతను నవ్వాడు. చెడ్డ నవ్వేమీ కాదు. "అబ్బో! సరేలే, ఆమెకింకోటి వేసియ్యి. రంగులున్నాయి, నువ్వూ ఉన్నావు. తొందరగా రండి, ఎండెక్కుద్ది."

నీరజ ఫోను పెట్టేసి, మిగిలిన పది బొమ్మల మీదా దుప్పటి కప్పింది. 'రంగులున్నాయి, నువ్వూ ఉన్నావు.' ఆ మాట ఆమెలోకి దిగడానికి కొంచెం సమయం పట్టింది. దిగాక అది ఎక్కడా ఆగలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. తనకి కోపం వచ్చిందని ఆమెకి వెంటనే అర్థం కాలేదు. నుదురు ముట్టుకుని చూసుకుంది. జ్వరమేమో అనుకుంది. కోపం వచ్చిన ప్రతిసారీ దానికి తను వేరే పేరు పెట్టుకుంటూ వచ్చింది: తలనొప్పి, నిద్ర చాలకపోవడం, వేడి చెయ్యడం. ఇరవై రెండేళ్ళుగా మాత్ర వేసుకున్నది ఏ జబ్బుకో ఇప్పుడు తెలుస్తుంటే, భర్త మీద ఎంత మండుతోందో తన మీద కూడా అంతే మండింది.

"అమ్మా, డబ్బులు వెనక్కి పంపిద్దాం," అంది లహరి మెల్లగా. "రీఫండ్ నొక్కితే అయిపోద్ది. పొరపాటయిందని రాద్దాం."

"పొరపాటు ఎవరిది?"

"ఎవరిదైతే ఏంటమ్మా. అక్కడ గొడవ చెయ్యకు. శుభకార్యం."

"చేస్తాను," అంది నీరజ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మామూలు రోజున చేస్తే తలుపేసుకుంటారు, వినరు."

కొత్తింటి ముందు షామియానా. వాకిట్లో నీళ్ళు చల్లి చల్లి అంతా బురద. గుమ్మానికి మామిడాకులు, పైన గుమ్మడికాయ. హాల్లో కాలు పెట్టగానే ఎదురు గోడ మీద ఏడో నంబరు కనిపించింది. చట్రానికి ఎవరో పసుపు రాసి బొట్లు పెట్టారు. ఒక బొట్టు జారి గుడ్డ మీదికి వచ్చింది. కింద కుడి మూల, తను సన్నని కుంచెతో పేరు రాసుకున్న చోట, కొట్టు స్టిక్కరు అంటించి ఉంది. 'శుభాకాంక్షలతో' అని, కింద ఫోను నంబర్లు.

"రా రా," అన్నాడు మస్తాన్‌రావు, పట్టుపంచె సర్దుకుంటూ. "ముందు టిఫిను చెయ్యండి."

"దాన్ని దించండి."

"ఏంది?"

"గోడ మీదిది దించండి. నేను తీసుకెళ్ళాలి."

చాప మీద కూర్చున్న ఆడవాళ్ళు మాటలాపారు. మస్తాన్‌రావు నవ్వు మొహంతోనే దగ్గరికి వచ్చి పళ్ళ బిగువున అన్నాడు. "నలుగుర్లో ఏందే ఇది? ఇంటికెళ్ళాక మాట్టాడుకుందాం."

"ఇంట్లో మీకు వినపడదు."

"కొత్తింట్లో గోడకెక్కింది గడప దాటకూడదమ్మా," అంది పక్కింటి రాజమ్మ, తొంభైకి దగ్గరపడిన మనిషి. "అరిష్టం."

"చెప్పు పెద్దమ్మా, నువ్వైనా చెప్పు," అన్నాడతను. గొంతు పెరిగింది. "ముష్టి పన్నెండు వేలకి మా అక్క ఇంట్లో పరువు తీస్తావా? నేనే కొన్నాననుకో. ఇప్పుడే నీ ఫోనుకి కొడతా. అయిపోయిందా?"

"కొనాలంటే ముందు చూడాలి." నీరజ బొమ్మకి అడ్డంగా వెళ్ళి నిలబడింది. తను ఏం చెయ్యబోతోందో ఆమెకే తెలియదు. మాటలు వాటంతట అవే వస్తున్నాయి. "కారంపూడి దాకా మోసుకొచ్చారుగా. ఇటు చూడకుండా చెప్పండి. ఈ బొమ్మలో ఏముంది?"

"పిచ్చా నీకు?"

"చెప్పండి."

"మిరపకాయలు."

"ఇంకా?"

"ఆడమనిషి."

"ఏం చేస్తోంది?"

అతను అక్క ఇంటి చుట్టాలందరి వైపు చూశాడు, ఎవరైనా అందిస్తారేమోనన్నట్టు. "ఏం చేస్తది? కాయలేరతా ఉంది."

"మజ్జిగలో చేతులు ముంచుకుంది," అంది వంటింటి గుమ్మంలోంచి ఒక గొంతు. "పొద్దంతా కాయలేరి చేతులు మండుతుంటే."

కృష్ణకుమారి. చేతిలో గరిటె అలాగే ఉంది. మస్తాన్‌రావుకి ప్రాణం లేచొచ్చింది. "చూడక్కా, నీ గృహప్రవేశం నాడు—"

"నువ్వాగరా." ఆమె గరిటె ఎవరికో ఇచ్చేసి నీరజ చెయ్యి పట్టుకుంది. గట్టిగా, నొప్పెట్టేలా. "నువ్వు రా లోపలికి."

పడగ్గదిలో ఇంకా మంచం వెయ్యలేదు. పాత ఇంటి నుంచి తెచ్చిన మూడు బొమ్మలు గోడకి తగిలించి ఉన్నాయి. ఒకటి లహరి పుట్టిన ఏడాది వేసింది. మూడింటి మీదా స్టిక్కర్లు లేవు. కుడి మూలల్లో 'నీరజ' అని కనిపిస్తోంది, మూడుచోట్లా.

"నూనె రాసి నానబెట్టి తీశా," అంది కృష్ణకుమారి. "కింద నీ పేరుందని చెయ్యి తగిల్తే తెలిసింది. ఎవరొచ్చినా మా నీరజ నాకు వేసిచ్చిందని చెప్పుకున్నా. ఇప్పుడు చెప్పు. నువ్వివ్వలేదా ఇవి?"

నీరజ మొదటి బొమ్మ మూలన ఉన్న తన పేరు మీద వేలు పెట్టింది.

"నిన్నే అడిగేది."

"నన్నెవరూ అడగలేదు వదినా. ఆయన తెచ్చారు."

"మూడూనా?"

"అన్నీనూ."

కృష్ణకుమారి మొహం ఎర్రబడింది. ఈసారి ఆ కోపం తమ్ముడి మీద కాదు. "మరి నీ నోరేమైందే ఇరవై రెండేళ్ళు? వాడు మూర్ఖుడు, నాకు తెలుసు, నేనెత్తుకు తిప్పినోడు. నువ్వు? పండక్కి వచ్చినప్పుడు నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగావు కదా, ఇవి ఉన్న గదిలోనే. ఒక్కసారి చెప్పావా? నాకు ఇచ్చారనుకుని నేను మురిసిపోతుంటే, నువ్వేమో దొంగ సొత్తు చూసినట్టు చూస్తున్నావా నా గోడల వంక?"

అది నిజం. నీరజ ఆ గోడల వంక అలాగే చూసింది. పాత ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ ఒకసారి అలా చూసి, ఆ బొమ్మల వైపు వీపు పెట్టి కూర్చునేది. ఆడపడుచు పొగరనుకుంది, ఉచితంగా వచ్చిందని తగిలించుకుందనుకుంది. వాటిని రోజూ చూసే మనిషి ఒకరు ఉన్నారని ఏనాడూ అనుకోలేదు.

"పర్లేదు అనడం అలవాటయింది వదినా," అంది. అంతకంటే నిజమైనది ఆమె దగ్గర లేదు.

"పర్లేకపోవడమేంది. చానా ఉంది." కృష్ణకుమారి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పద."

హాల్లోకి వచ్చి ప్లాస్టిక్ స్టూలు లాక్కుని తనే ఎక్కింది. "అత్తా, పడతావ్!" అని లహరి వచ్చి స్టూలు పట్టుకుంది. రాజమ్మ ఏదో అనబోయింది. "అరిష్టమైతే నా ఇంటికే కదా పెద్దమ్మా, నేను పడతాలే," అని కృష్ణకుమారి రెండు చేతులతో బొమ్మని మేకు మీది నుంచి తప్పించి, కిందికి వంగి తమ్ముడి చేతుల్లో పెట్టింది.

"నువ్వు తెచ్చావు, నువ్వే మోసుకెళ్ళు. పెట్టెలో పెట్టి మైసూరు పంపించే దాకా నీదే పూచీ. ఇంకోసారి ఈ పిల్ల నోటితో ఇస్తానని అనకుండా నా గడపలోకి బొమ్మ తెచ్చావంటే, నిన్నూ దాన్నీ కలిపి బయట పెడతా."

"అక్కా—"

"మాట్టాడమాక." తరువాత నీరజ వైపు తిరిగింది. గొంతు తగ్గలేదు కానీ కళ్ళు నిండాయి. "మేకు పీకను. నీకెప్పుడైనా ఇవ్వాలనిపిస్తే నువ్వే తెచ్చి తగిలించు. అనిపించకపోతే ఉత్త మేకే ఉంటది. ఎవరేం అడిగినా నేను చెప్పుకుంటా."

అప్పుడు ఏడుపొచ్చింది నీరజకి. దానివల్ల కోపం చల్లారలేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకదానికొకటి అడ్డం రాకుండా. కోపం ఉన్నా ఎదుటి మనిషిని పట్టుకుని ఏడవొచ్చని ఆమెకి అంతవరకూ తెలియదు. ఆడపడుచు భుజం మీద తల పెట్టుకుంది. నెయ్యి వాసన, చెమట వాసన.

షామియానా కింద బంతి వేశారు. విస్తళ్ళలో పులిహోర పడుతోంది. నీరజ రాజమ్మకీ లహరికీ మధ్య కూర్చుంది. ఎదురుగా, పందిరి రాట పక్కన, మస్తాన్‌రావు బొమ్మని రెండు చేతులతో ఛాతీ ఎత్తులో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మస్తానూ, దాన్ని అక్కడ ఆనించి రారా, చల్లారిపోద్ది," అని ఎవరో పిలిచారు.

"కింద బురదగా ఉంది," అన్నాడు. ఒకసారి కాళ్ళ దగ్గర చూసి బొమ్మని ఇంకొంచెం పైకి ఎత్తాడు. బొమ్మ తన వైపుకే తిప్పుకున్నాడు. మొహం కనిపించడం లేదు, చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. చాలాసేపు అలాగే చూస్తున్నాడు. తరువాత భార్య వైపు చూసి, ఏదో అడగబోయి, మళ్ళీ బొమ్మలోకే చూశాడు.

"నేను పట్టుకుంటాలే నాన్నా, నువ్వు తిను," అని లహరి లేవబోయింది.

నీరజ కూతురి మోచెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"మొయ్యనీ కాసేపు," అంది.

రాజమ్మ ఒంగి ఆమె మొహంలోకి చూసింది. "ఏందమ్మా కళ్ళెంట నీళ్ళు? కారమా?"

"కోపం పెద్దమ్మా."

"ఓహో," అంది రాజమ్మ, వడ్డించే మనిషిని చెయ్యెత్తి పిలుస్తూ. "ఈమెకి ఇంకాస్త వెయ్యండయ్యా. పొద్దున్నుంచీ ఏం తిన్నట్టు లేదు."