ఖాళీ అవుతున్న ఫోల్డర్

సరళతో పరిచయం మొదలైందే పోట్లాటతో. మార్కాపురంలో ఏడుకొండలు నడిపే నెట్ సెంటర్లో డీఎస్సీ పాఠాలు డౌన్‌లోడ్ చేయించుకుని వెలిగండ్ల వెళ్లి చూసుకుంటే, ఫోన్లో సగమే ఉన్నాయట. ఫోన్లో చోటు చాలలేదని చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. చివరికి ఇద్దరికీ కలిపి ఒకే క్లౌడ్ ఖాతా తెరిచాడు. తను కంప్యూటర్లో వేసింది ఆమె ఫోన్లోకి దానంతటదే చేరుతుంది. ఇక బస్సెక్కి రానక్కర్లేదన్నాడు.

అన్నాక గాని, ఆమె ఇక రాదన్న సంగతి అతనికి తట్టలేదు.

రోజూ ఒక పాఠం వేసేవాడు. సాయంత్రానికి అది తన కంప్యూటర్లోనూ మాయమయ్యేది. ఒకచోట తీసేస్తే రెండోచోటా పోతుందని తెలిసినవాడే. అయినా ఆమె తీసేస్తున్నది పాఠాన్ని కాదు, తననే అనుకున్నాడు. తనను వద్దనుకున్నారని నమ్మడానికి మనసు ఎక్కడెక్కడి సాక్ష్యాలో ఏరుకొస్తుంది. పన్నెండో రోజు ఏమీ వేయలేదు.

మర్నాడు ఆమె దుకాణంలో నిలబడింది.

"నిన్న పాఠం రాలేదేంది?"

"పంపినయ్యన్నీ తీసేస్తన్నావు గదా."

"చదివినాకే తీస్తన్నా. తీయకపోతే రేపటిది యాడ దిగుతాది?"

సిగ్నల్ కోసం నిన్న మూడుసార్లు మిద్దె ఎక్కిందట.

అతను సిగ్గుపడి కంప్యూటర్ వైపు తిరిగాడు. ఫోల్డర్లో ఒక్క ఫైలుంది. పోయినవాటినే చూసుకుంటూ ఉన్నదాన్ని గమనించనేలేదు. తెరిచాడు. తన గొంతే, గొర్రెలను పిలుస్తోంది.

పోయిన ఆదివారం ఊరికెళ్లినప్పుడు, జలుబుతో గొంతు పోయిన, గొర్రెలు కాసే నాయన గురుస్వామి కోసం ఫోన్లో రికార్డు చేసిన పిలుపు అది. తన ఫోనునూ అదే ఖాతాకు కలిపినట్టు మరిచాడు. రికార్డింగు ఆపడమూ మరిచాడు. పిలుపు అయ్యాక నాయన బొంగురుగా అడుగుతున్నాడు, ఎవరికిరా రోజూ పాఠాలు పంపేదని. "వెలిగండ్ల పిల్లకు నాయనా. చేసుకుంటే ఆ పిల్లనే. అడగాలంటేనే భయం."

ఏడుకొండలు చెవులు కాలిపోయాయి. తల తిప్పకుండానే అన్నాడు:

"ఇదొక్కటి తీయలేదే."

"మా నాయనకు వినిపించాలని ఉంచినా."

"ఏమన్నాడు?"

"గొర్రెలను బాగా పిలుస్తాడన్నాడు." సరళ మెట్టు దిగుతూ ఆగింది. "మిగతాది మీ నాయన గొంతు బాగైనాక, వచ్చి మాట్లాడమన్నాడు."