ఇత్తడి బిళ్ళ దగ్గర

"మీరు నిలబడ్డది మా పశువుల రాంచ్ భూమిలోనండీ" అన్నాడతను.

"కాదు, సర్కారు భూమిలో" అంది డార్సీ, బైనాక్యులర్ కళ్ళ మీంచి దించకుండానే.

సెప్టెంబరు ఆఖరు. మోంటానా కొండల్లో తుపాకీ వేట సీజన్ తెరుచుకోవడానికి ఇంకా చాలా రోజులుంది. అప్పటిదాకా కొండలెక్కి దిగడమే పని. ఎల్క్ దుప్పులు ఏ వాలులో మేస్తున్నాయి, ఏ మడుగులో నీళ్ళు తాగుతున్నాయి, అక్కడికి ఎవరి భూమీ తొక్కకుండా ఎలా పోవాలి అని చూసుకోవాలి. అందరూ జంటగానో జట్టుగానో వస్తారు. డార్సీ ఒక్కతే వస్తుంది.

అతను ఫోన్ తీసి మ్యాప్ యాప్ చూపించాడు. తెర మీద హద్దు పసుపు గీతగా ఉంది. దాని ప్రకారం ఆమె రాంచ్ లోపల ఉంది. డార్సీ తన ఫోన్ తీసింది. ఆమె యాప్‌లో హద్దు ఎర్ర గీత. దాని ప్రకారం అతనే సర్కారు భూమిలోకి వచ్చి, వచ్చింది చాలక దబాయిస్తున్నాడు.

"మీ యాప్ తప్పు" అన్నాడు.

"మీ ఫోన్‌లో ఉన్నంత మాత్రాన మీ యాప్ ఒప్పేనా?"

అతనికి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. పేరు రీస్ ఒస్టర్‌గార్డ్. డకోటా నుంచి కొత్తగా వచ్చాడు. రాంచ్‌లో పడిపోయిన పాత కంచె మళ్ళీ వెయ్యడానికి పెట్టుకున్నారతన్ని. కంచె తప్పు చోట వేస్తే అంతా పీకి మళ్ళీ వెయ్యాల్సింది తనే కాబట్టి, హద్దు ఎక్కడుందో తేలకపోతే అతనికి గడవదు. చివరికి ఇద్దరూ కలిసి హద్దు గుర్తుగా సర్వే వాళ్ళు పాతిన ఇత్తడి బిళ్ళ కోసం వెతికారు. బూటు మడమలతో గడ్డి గీకగా గీకగా, సేజ్ పొదల కింద ఇనప గొట్టం మీద ఆకుపచ్చగా చిలుము పట్టి కనిపించింది. అక్కడి నుంచి పాత గుంజల వరసలో చూస్తే హద్దు సరిగ్గా ఇందాక ఇద్దరూ నిలబడి పోట్లాడుకున్న చోట, ఇద్దరి మధ్యలోంచి పోతోంది.

"అంటే నేను తప్పు చెయ్యలేదు" అంది డార్సీ.

"నేనూ చెయ్యలేదు" అన్నాడు రీస్. "ఇంత సేపు ఎందుకు పోట్లాడుకున్నామంటారు?"

ఆమె బైనాక్యులర్ మెడలో వేసుకుని కొండ దిగింది. కారు దాకా వచ్చాక ఆ మాట గుర్తొచ్చి నవ్వుకుంది. ఆ నవ్వు వినడానికి కారులో ఎవరూ లేరు.

డార్సీది ఊళ్ళో వెర్న్ గారి వేట సామాన్ల కొట్లో ఉద్యోగం. ఏ యాప్ కొనాలన్నా జనం ఆమెనే అడుగుతారు. దేంట్లో హద్దులు నమ్మచ్చు, దేంట్లో వాలు నిటారుగా ఉందో లేదో తెలుస్తుంది, చలికి ఏది బ్యాటరీ తినేస్తుంది అన్నీ ఓపిగ్గా చెబుతుంది. చివర్లో ఒక మాట తప్పకుండా అంటుంది: కొండల్లో సిగ్నల్ ఉండదు, ఇంటి దగ్గరే మ్యాప్ ఫోన్‌లోకి దించుకుని బయల్దేరండి.

అన్నీ చెప్పే మనిషి మ్యాప్ మాత్రం ఖాళీ. నిరుటి దాకా కోల్‌తో కలిసి తిరిగింది. పెళ్ళి చేసుకుందామనుకున్నవాళ్ళే. ఇద్దరూ యాప్‌కి రెండు చందాలు కట్టడమెందుకని గుర్తులన్నీ అతని ఖాతాలోనే పెట్టింది. మడుగులు, దుప్పులు పడుకునే నీడలు, మొదటిసారి అతను తన చెయ్యి పట్టుకున్న బండ. వసంతంలో కోల్ వేరే ఊరు, వేరే అమ్మాయిని చూసుకుని పోయాడు. పోయినవాడు పోకుండా ఖాతాలోంచి ఆమెను తీసేశాడు. ఒక పొద్దున్న డార్సీ ఫోన్ తెరిచేసరికి ఒక్క గుర్తూ లేదు. కొండలున్నాయి, వాగులున్నాయి, తను వాటిలో తిరిగిన ఆనవాలు లేదు. మనిషి పోయినందుకు ఏడవనిది ఆ తెర చూసి ఏడ్చింది.

ఇంకోటి కూడా ఉంది. ఈ యాప్‌లు తెరవగానే అడుగుతాయి: మీరెక్కడున్నారో ఎవరికి తెలియాలి? కింద ఒక పేరు రాయాలి. డార్సీ ప్రతిసారీ "తర్వాత" అన్న బొత్తాం నొక్కుతుంది.

వారం తిరక్కుండా రీస్ కొట్లోకి వచ్చాడు. ఏ యాప్ మంచిదో చెప్పమన్నాడు.

"మీ పసుపు గీత చాలా గొప్పదన్నారుగా."

"మీ ఎర్ర గీత అంతకన్నా గొప్పదేమోనని అనుమానం పట్టుకుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది. ఆదివారం ఖాళీయేనా?"

వెర్న్ గారు బల్ల వెనక గొంతు సవరించుకుని, ఖాళీయే, ఆవిడకి ఎప్పుడూ ఖాళీయే అన్నారు. డార్సీ ఆయన వైపు చూసిన చూపుకి ఆయన అటకెక్కి ఏదో వెతుక్కోవడం మొదలెట్టారు.

ఆ ఆదివారం, ఆ తర్వాతి ఆదివారాలు కూడా వెళ్ళారు. ఎర్ర గీత యాప్ బ్యాటరీ నిలుపుకుంది గానీ పాత దారులు సగం చూపించలేదు. పసుపు గీతది దారులన్నీ చూపించింది గానీ ఒక వాగుని కొండెక్కించింది. ఆ యాప్ ప్రకారం వాగు ఉండాల్సిన చోట ఇద్దరూ పొడి నేల మీద కూర్చుని, ఆమె తెచ్చిన సాసేజ్ రొట్టెలూ అతను తెచ్చిన హకల్‌బెర్రీ పళ్ళతో చేసిన కేకూ తిన్నారు. వాన వచ్చింది. అతని టోపీ ఆమెకిచ్చాడు, అది ఆమె ముక్కు దాకా దిగింది.

"ఏమైనా కనిపిస్తోందా?" అన్నాడు.

"హాయిగా ఉంది. నువ్వు కనిపించట్లేదు."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు. మొత్తానికి హద్దుల వరకూ పసుపు గీతే నయమని డార్సీ ఒప్పుకుంది. ఆ యాప్ పెట్టుకుని, తన కొండల మ్యాప్ దాంట్లోకే దించుకుంది. కొత్త గుర్తులు ఒక్కొక్కటే పెట్టడం మొదలెట్టింది. అతనికి మాత్రం ఏదీ చూపించలేదు. తను కష్టపడి కనిపెట్టుకున్న వేట చోటు ఈ ఊళ్ళో కన్నతల్లి అడిగినా ఎవరూ చెప్పరు.

అందుకే సీజన్ మొదలయ్యే వారం రీస్ కొట్లోకి వచ్చి ఆ మాట అడిగేసరికి సామాన్లు సర్దుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"శనివారం పొద్దున్న నువ్వెక్కడుంటావు?"

రాంచ్‌కి డబ్బు కట్టి వేటకొచ్చే పెద్దమనుషులు దిగుతున్నారని ఊరంతా తెలుసు. డార్సీకి కోల్ గుర్తొచ్చాడు. ఇన్ని ఆదివారాలూ ఇందుకేనా అనిపించింది.

"మీ రాంచ్ చుట్టాలకి చెప్పడానికా? తిండి పెట్టి మరీ ఆరా తీశావు."

రీస్ ముఖం ఎర్రబడింది. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. డార్సీ ఆ కోపంలోనే పసుపు గీత యాప్ ఫోన్‌లోంచి తీసిపారేసి, పాత ఎర్ర గీతదే మళ్ళీ పెట్టుకుంది.

మర్నాడు వెర్న్ గారు వేట లైసెన్సుల పెట్టె మూస్తూ మెల్లగా అన్నారు. "ఆ అబ్బాయి లైసెన్సే కొనలేదమ్మా. అమ్మేది మనమే కదా, నాకు తెలీదా? వచ్చే పెద్దమనుషులు వేటాడేది రాంచ్ లోపలే. వేటకి పోనివాడికి నీ చోటెందుకు?"

డార్సీ అతనికి మెసేజ్ రాసింది, చెరిపేసింది. మళ్ళీ రాసింది. ఏం రాసినా క్షమించమన్నట్టు లేదు, ఇంకాస్త కోప్పడినట్టుంది. చివరికి ఫోన్ బోర్లించి వంట చేసుకుని ఒక్కతే తింది.

శనివారం తెల్లవారేసరికి తన చోట కూర్చుని ఉంది. కాసేపటికి మంచు కురవడం మొదలైంది. ముందు సన్నగా, తర్వాత ఎదురుగా ఉన్న చెట్టు కూడా కనబడనంతగా. దుప్పులు లేవు, దారీ లేదు. ఫోన్ తీసింది. తెల్లటి తెర, మధ్యలో తనెక్కడుందో చూపించే నీలం చుక్క. అంతే. కోపంలో తీసిపారేసిన యాప్‌తో పాటే దించుకున్న మ్యాపూ పోయింది. పాతదాంట్లో మళ్ళీ దించుకోవడం మర్చిపోయింది. ఊరందరికీ తను తప్పకుండా చెప్పే మాట అదే.

బయట తెలుపు, ఫోన్‌లో తెలుపు. తను తిరిగి వెళ్ళకపోతే సోమవారం కొట్టు తెరిచే దాకా ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఆమెకి ఎప్పటి నుంచో తెలుసు. ఇవాళ మాత్రం భయం వేసింది.

భయపడుతూ కూర్చుంటే కాళ్ళు కొయ్యబారతాయి. వాలు ఎటు దిగుతుందో కాలికి తెలుస్తూనే ఉంది. కింద ఎక్కడో కొత్త కంచె ఉంది, అది రీస్ వేసింది, సరిగ్గా హద్దు మీదే ఉంటుంది. మెల్లగా దిగింది. చాలాసేపటికి చేతికి తీగ తగిలింది. ఆ తీగ పట్టుకుని గుంజ తర్వాత గుంజ లెక్క మరిచిపోయేదాకా నడిచింది.

కంచె మూల దగ్గర, ఇత్తడి బిళ్ళ పాతిన చోట, ఒక మనిషి నిలబడి ఉన్నాడు. భుజాల మీద మంచు పేరుకుని ఉంది. వెనక ట్రక్కు లైట్లు వెలుగుతున్నాయి.

"ఇక్కడేం చేస్తున్నావు?" అంది డార్సీ.

"నువ్వెక్కడుంటావో చెప్పలేదుగా" అన్నాడు రీస్. "మనిద్దరికీ తెలిసిన చోటు ఇదొక్కటే. మంచు మొదలవగానే వచ్చి నిలబడ్డాను."

"నేను ఇటు రాకపోతే?"

"తెలీదు. అంత దూరం ఆలోచించలేదు." ఫ్లాస్కు మూత తిప్పి కాఫీ పోశాడు. "మా అన్న ఒకసారి వేటకెళ్ళి గుర్రం మీంచి పడి వాగులో ఉండిపోయాడు. ఎటెళ్ళాడో ఎవరికీ చెప్పలేదు. మేం వెతికి పట్టుకునేసరికి ఆలస్యమైపోయింది. అప్పట్నుంచి నేను తుపాకీ ముట్టలేదు. నాకు ఇష్టమైనవాళ్ళు కొండెక్కుతుంటే మాత్రం అడక్కుండా ఉండలేను."

డార్సీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. ఆ రోజు అన్న మాటకి సిగ్గుగా ఉందని చెప్పింది. ఎవరూ అడక్క చాలా కాలమైందని, అందుకే ఎవరైనా అడిగితే ఏదో కావాలనే అడుగుతారనుకున్నానని చెప్పింది. రీస్ ఆమె టోపీ మీద మంచు చేత్తో దులిపాడు.

ట్రక్కు మెల్లగా దిగింది. రాంచ్ గేటు దాటి తారురోడ్డు ఎక్కాక సిగ్నల్ వచ్చింది. డార్సీ ఫోన్ తీసింది. యాప్ ఎప్పటిలాగే అడిగింది, ఎవరికి తెలియాలని. ఈసారి రీస్ పేరు రాసి, పొద్దున్న తను కూర్చున్న చోట గుర్తు పెట్టి అది కూడా పంపింది. రీస్ జేబులో ఫోన్ మోగింది. బండి పక్కకి ఆపి చూశాడు.

"ఏంటిది?"

"నా చోటు."

"నేను వేటాడనని చెప్పానుగా. దీన్నేం చేసుకోను?"

"ఏం చెయ్యక్కర్లేదు" అంది డార్సీ, కిటికీ వైపు చూస్తూ. "తెలిసుండు, చాలు."