తాతయ్య దగ్గు

మిషను ముందు కూర్చుందంటే టైలరమ్మను ఎవరూ కదిలించకూడదు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకే కాదు, వీధి వీధంతటికీ తెలుసు. అయినా ఆ ఉదయం కూతురు వచ్చి, సరిగ్గా చొక్కాకు కాలరు తిప్పే వేళకు ఎదురుగా నిలబడింది.

"ఇవాళ బళ్లో నేను తాతయ్య భాష నేర్పే క్లాసు చూడ్డానికి విద్యాశాఖ ఆఫీసరు వస్తున్నాడమ్మా. మన భాష చిన్నప్పట్నుంచి మాట్లాడిన పెద్దవాళ్లు ఒక్కరైనా క్లాసులో ఉండాలట. లేకపోతే మూసేస్తారట."

"మూసేస్తే మూసేయనీ. మందుల షాపులో నువ్వు మానేసిన ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉందట."

"నిన్ను అడగడం ఇది మొదటిసారి కాదు."

"నేను కాదనడమూ మొదటిసారి కాదు."

గుమ్మంలో టీ తాగుతున్న ఆమె భర్త, రిటైరైన బస్సు డ్రైవరు, గ్లాసుతో సహా మెల్లగా వంటగదిలోకి జారుకున్నాడు. ఆయనకు ఆ భాష ఒక్క ముక్క రాదు. తల్లీకూతుళ్ల మధ్య దూరి బతికి బట్టకట్టడం కష్టమని మాత్రం బాగా తెలుసు.

టైలరమ్మ మిషను ఆపింది. "ఆ భాష మాట్లాడానని నన్ను బళ్లో గోడవైపు తిప్పి నిలబెట్టారు. పిల్లలంతా నవ్వారు. నా కూతురికి ఆ గతి పట్టకూడదనుకున్నాను. మా నాన్న ఎంత బతిమాలినా నీతో ఆ భాషలో ఒక్క మాట మాట్లాడనివ్వలేదు. ఇప్పుడు నువ్వే వెళ్లి అది నేర్పిస్తుంటే, తల్లి చేసిన తప్పు కూతురు దిద్దుతోందనుకోరూ జనం?"

"జనం సంగతి నాకు తెలీదు. నేనైతే అలా అనుకోలేదు. ఎవరి ముందూ తల దించుకోకుండా పెంచావు. ఆ ధైర్యంతోనేగా నేర్పిస్తున్నాను." కూతురు గుమ్మం వైపు కదిలి ఆగింది. "కానీ నాకు నేర్పిందెవరో తెలుసా? తాతయ్య మాట్లాడి దాచుకున్న క్యాసెట్లు. ఇంట్లో నువ్వుండగా, పోయినాయన దగ్గర నేర్చుకున్నానమ్మా."

టైలరమ్మ మళ్లీ మిషను తొక్కసాగింది. కూతురు చెప్పులేసుకుని వెళ్లిపోయింది. కాలరు కుట్టు వంకర పోయింది. ఊడదీసి మళ్లీ వేస్తే మళ్లీ వంకరే.

కాసేపటికి భర్త లంచ్ బాక్సుతో వచ్చాడు. "పిల్ల మరిచిపోయింది. నేనే వెళ్దును గానీ, ఈ మోకాలు..."

"నిన్న మార్కెట్టుదాకా నడిచిన మోకాలేగా?"

"నడిస్తేనేగా అరిగింది."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసి బాక్సు అందుకుంది. గుమ్మం దగ్గర ఇచ్చేసి వెనక్కి వచ్చేద్దామనుకుంది.

బడి వరండా చివర ఉంది ఆ గది. లోపల కూతురు మొదట రెండుసార్లు దగ్గి, వాళ్ల భాషలో, "వానొచ్చేలా ఉంది, బట్టలు తియ్యండి," అంది. పిల్లలంతా ఒక్కసారిగా దగ్గారు. రెండోసారి ఇంకాస్త సాగదీసి దగ్గారు. ఆ తరువాతే మాట చెప్పారు.

టైలరమ్మ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. రంపపు మిల్లులో పొట్టు పీల్చి పీల్చి నాన్న గొంతు పాడైంది. ఏం చెప్పాలన్నా ముందు ఇవే రెండు దగ్గులు. క్యాసెట్ల నిండా అవే ఉండుంటాయి. ఈ పిచ్చిపిల్ల దగ్గు కూడా భాషేననుకుంది. వెనుక బెంచీలో ఆఫీసరు సైతం బుద్ధిగా గొంతు సవరించుకుంటున్నాడు.

ఆమెకు నవ్వాగలేదు. లోపలికి వచ్చేసి, "అది మన భాష కాదే తల్లీ, మీ తాతయ్య దగ్గు," అంది. అన్నాక గానీ తెలియలేదు, ఆ మాట తన భాషలోనే వచ్చిందని.

కూతురు రెండుసార్లు దగ్గి, అదే భాషలో, "నిజంగానా?" అంది. పిల్లలు గొల్లుమన్నారు.

"ఎవరండీ ఈవిడ?" అన్నాడు ఆఫీసరు.

"మా అమ్మ. చిన్నప్పట్నుంచి మన..."

"చెప్పక్కర్లేదు, వినపడింది," అంటూ ఆయన కలం తీశాడు.

"ఏదీ, దగ్గకుండా చెప్పండి," అంది టైలరమ్మ. పిల్లలు చెప్పారు. ఒక్క తప్పు లేదు. అయినా ఆమెకు గుండెలో ఏదో వెలితిగా అనిపించింది. చిన్నప్పుడు నాన్న గడపలో నిలబడి ఇదే మాట కేకేసేవాడు. బట్టలు తీస్తూ తను బడి భాషలోనే బదులిచ్చేది. ఇన్నాళ్లకు ఆయన మాటకు ఇంతమంది ఆయన భాషలోనే పలుకుతుంటే, ఆ దగ్గు తీసేయించి ఆయన్ని మళ్లీ తనే బయటికి పంపుతోందా? ఆమె కళ్లు నిండిపోయాయి.

కూతురు వచ్చి చెయ్యి పట్టుకుంది. "రేపు కూడా వస్తావా అమ్మా? మరి మిషనో?"

"మధ్యాహ్నం తొక్కుకుంటాలే." ఆమె పిల్లల బెంచీలో ఇరుక్కుని కూర్చుంది. ఈసారి తన భాషలో, తెలిసే మాట్లాడింది. "మిగతావన్నీ దగ్గకుండానే చెప్పండి నాన్నా. ఈ మాట మాత్రం దగ్గే చెప్పాలి. రెండోది కాస్త సాగాలి."

ఎలా దగ్గాలో ముందు తనే చేసి చూపించింది.