మిరుగం వానలో మకాం

"సారూ, కూసుంటె మకామైతదా?"

నౌకరీలో చేరి పదిహేను రోజులైన ఫారెస్టు గార్డుని అలా అడిగితే ఏం చెబుతాడు? 1958 సంగతి ఇది. ఖానాపూర్ దాటాక అడవి బాటలో, ఇరుసు విరిగి ఒరిగిపోయిన బండి పక్కన నిలబడి అడిగింది అనసూర్య. వయసు పంతొమ్మిదే, మాటలు మాత్రం వకీలువి.

"కూసుంటె కాదు," అన్నాను గంభీరంగా. "ఎద్దుల ఇప్పినా, పొయ్యి ముట్టిచ్చినా, పండుకున్నా మకామే. పర్మిట్ లేకుంట మకామేస్తే ఎద్దులు జప్తు."

జప్తు అనగానే వాళ్ల నాన్న ముత్తయ్య ముఖం వాడిపోయింది. బండి నిండా విత్తనాల బస్తాలు. మిరుగం, అంటే మృగశిర కార్తె, వచ్చేసింది. ఆ ఎద్దులు బందెలదొడ్డికి పోతే ఆ ఏడు వాళ్లకు సేద్యం లేనట్టే. నాకది తెలియక కాదు. మొదటి కేసు ఎప్పుడు పడతావని రేంజర్ గారు రోజూ నా ప్రాణం తీస్తున్నారు మరి.

"ఎద్దులు కాడి కిందనే ఉన్నయి. పొయ్యి లేదు. బాపు కూసున్నడు," అంది అనసూర్య. "కొత్త ఇరుసు తెచ్చెటందుకు మా చిన్నాయన పోయిండు. అచ్చెదాంక బాపు జర ఒరిగితే?"

"ఎంత?"

ముత్తయ్య అప్పటికే బస్తాకు ఆనుకుని కొద్దికొద్దిగా జారుతున్నాడు.

"గంత."

"గంత పర్వాలేదు."

"కన్ను మూస్తే?"

"మూస్తే మకామే!"

పాపం, ముత్తయ్య కళ్లు తెరుచుకునే గురక పెట్టాడు. అనసూర్య కిలకిలా నవ్వింది. ఆ నవ్వుకి నేను సగం రూల్సు మరిచిపోయాను.

అంతలో వాన దంచికొట్టింది. నేను చెట్టు కింద నిటారుగా నిలబడి తడుస్తున్నాను.

"సారూ, పట్టా కిందికి రాండ్రి. మిమ్ముల జప్తు చెయ్యం!"

వెళ్లాను. బస్తాల మీద కప్పిన ఆ టార్పాలిన్ కింద నిలబడే చోటు లేక కూర్చున్నాను. బూట్ల నిండా నీళ్లు, ఒకటి విప్పాను. ఎద్దులు ఉరుములకు బెదిరి కాడి గుంజుతుంటే నేనే విప్పి చెట్టు కింద కట్టేశాను. వాన తగ్గాక కూడా ఆమె చలికి వణుకుతుంటే చూడలేకపోయాను. మూడు రాళ్లు పెట్టి, నా అగ్గిపెట్టెతోనే పొయ్యి ముట్టించాను.

ముత్తయ్య మూట విప్పి జొన్నరొట్టె పెట్టాడు. తినబెడుతూనే మా ఊరు, మా బాపు పేరు, మేనమామల ఇంటిపేరు అడిగి దూరపు చుట్టరికం తేల్చాడు.

"అయితే నాకు అల్లుని వరుసనే!"

రొట్టె నా గొంతులో అడ్డం పడింది. అనసూర్య నీళ్ల చెంబు అందించింది.

"ఎద్దుల ఇప్పింది ఎవరు సారూ?"

"నేనే."

"పొయ్యి ముట్టిచ్చింది?"

"నేనే."

"ఇగ పండుకుంటె కేసు పూరా అయితది."

సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది. రేంజర్ గారు! నోట్లో రొట్టె, ఒంటికాలికి బూటుతో లేచి సలాం కొట్టాను.

"క్యా కొండల్, సర్కారు నౌకర్లు, వాళ్ల ఇంటివాళ్లు తప్ప ఇక్కడ ఎవరూ మకాం చేయొద్దు కదా! ఈ ఎద్దుల్ని ఇంకా జప్తు చేయలేదా?"

ముత్తయ్య పరుగున వెళ్లి ఎద్దుల మెడలు కరుచుకున్నాడు. నౌకరీ పోతే పోయిందనుకున్నాను.

"మకాం నాదే సార్. వీళ్లు... మా ఇంటోళ్లు."

"నౌకరీ కాగితాల్లో పెళ్లి కాలేదని రాశావు కదా?"

అనసూర్య ముందుకొచ్చింది.

"ఇంక కాలే సారూ," అంది, ముఖం ఎర్రబడుతుంటే. "చేసుకుంటడో లేదో ఆయన్నే అడుగుండ్రి."

"చేసుకుంట సార్!" అడవి దద్దరిల్లేలా అరిచాను. ఆ ఒక్క మాటలో అబద్ధం లేదు.

రేంజర్ గారు ముత్తయ్య వైపు తిరిగారు. "లగ్గం ఎప్పుడు పెద్దాయనా?"

ముత్తయ్య బిడ్డను చూశాడు, నన్ను చూశాడు, ఎద్దు వీపు నిమిరాడు.

"ఇత్తనాలు పడంగనే దొరా. మరి ఎద్దులు లేకుంటె ఇత్తుడెట్ల, ఇత్తకుంటె లగ్గమెట్ల?"

రేంజర్ గారు నవ్వు ఆపుకుంటూ జీపెక్కారు. మర్నాడే నేను సెలవు పెట్టి, ముత్తయ్య చేను దున్నడానికి వెళ్లాను.